కొండపల్లి బొమ్మ – దాని పరీక్ష



2022లో జిల్లాలు విడిపోయి, నూజివీడు ఏలూరునకును, కొండపల్లి ఎన్.టి.ఆర్. జిల్లాకును జేరినను, మా మామిడితోఁటల సీమకు ఆ బొమ్మలతోడి చుట్టఱికము తెగలేదు. వానిని జేయు నార్యక్షత్రియులు, తమ పూర్వులు సుమారు 400 ఏండ్లక్రిందట రాజస్థానమునుండి వచ్చిరని చెప్పుకొందురు. దశావతారములు మొదలు తాటిచెట్టు నెక్కు గీతకానివఱకు వారి యులిక్రింద రూపు దాల్చినవి.

అడవిలోని తెల్లపొణికి కఱ్ఱ మిగులఁ దేలిక. దానిని సెగఁజూపి యార్చి, అవయవములను వేర్వేఱఁ జెక్కి, చింతగింజల పిండియు ఱంపపుఁబొట్టును గలిపిన మక్కుతో నతికి, సున్నము పూసి, రంగులు దిద్దుదురు.

మనుమరాలి బొమ్మలకొలువునకై నేనొక యంబారీ యేనుఁగును రంగుల మెఱుపుఁ జూచి కొంటిని. ఇల్లు చేరకమున్నే తొండ మూడెను. చూడఁగా అతుకున మక్కు లేదు, కఱ్ఱయుఁ బచ్చిది. 30 ఏండ్లు బాలుర వ్రాఁతలలోఁ దప్పులు పట్టిన కన్ను బొమ్మయందు మోసపోయినది!

కావున మూఁడు చూడుఁడు. చేతి కెత్తినఁ దేలికగా నుండవలెను. అతుకు కదలరాదు. కనుబొమ్మల గీఁత తడఁబడక సాగవలెను.

నాసిబొమ్మకు మేలిబొమ్మ వెల యిచ్చితిమా, మేలిపనివాఁడు ఉలి విడుచును. పొణికియే యరుదగుచున్న యీ కాలమున, ఆ విద్య నిలుచుట కొనువాని కంటియందును గలదు.