సవోయా ఎస్.21 పార్శ్వచిత్రం

సవోయా ఎస్.21 పార్శ్వచిత్రం అనగా, జపాను యానిమేషన్ చిత్రం "పోర్కో రోస్సో" (1992)లో కథానాయకుడు నడిపే ఎర్రని నీటి విమానాన్ని, నిజంగా ఉన్న విమానమే అనిపించునట్లు పక్క నుండి చూపే సాంకేతిక చిత్రం. విమాన చరిత్ర గ్రంథాలలో కనిపించే పార్శ్వచిత్రాల పద్ధతినే ఇది అనుసరిస్తుంది. దూరంగా ఉన్నది చిన్నదిగా కనిపించాలనే నియమం ఇందులో వర్తించదు. ప్రతి భాగమూ ఒకే కొలబద్ద ప్రకారం గీయబడుతుంది. సాధారణంగా విమానం ముక్కు ఎడమవైపుకు ఉండేటట్లు చూపుతారు.

నేపథ్యం

ఈ చిత్రానికి దర్శకుడు హయావో మియజాకి, నిర్మాణ సంస్థ స్టూడియో జిబ్లీ. దీనికి మూలం, నమూనాలు తయారు చేసేవారి కోసం వెలువడే "మోడల్ గ్రాఫిక్స్" పత్రికలో 1990లో మియజాకి ప్రచురించిన నీటిరంగుల బొమ్మల కథ. జపాన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణికులకు చూపే చిన్న చిత్రంగా తలపెట్టినది, తరువాత పూర్తి నిడివి చిత్రంగా పెరిగింది. కథ జరిగే చోటు ఏడ్రియాటిక్ సముద్రతీరం, కాలం 1920ల చివరి భాగం.

నిజ విమానాలతో పోలిక

కాల్పనిక విమానానికి నమ్మదగిన రూపం ఇవ్వాలంటే, దాని వెనుక ఉన్న నిజ విమానాలను ముందుగా గుర్తించవలెను.

* సవోయా ఎస్.21: ఈ పేరుతో 1921లో ఇటలీలో నిజంగానే ఒక పందెపు విమానం తయారయింది. అయితే అది రెండంతస్తుల రెక్కలు గలది. సినిమా విమానానికి ఒకే అంతస్తు రెక్క ఉంటుంది. పేరు తప్ప పోలిక తక్కువ.
* మాకీ ఎం.33: మారియో కాస్టోల్డి రూపొందించిన ఈ విమానం సినిమా విమానానికి దగ్గరగా ఉంటుంది. పడవ ఆకారపు దేహం, ఆధారపు కడ్డీలు లేని ఒకే రెక్క, దేహానికి పైన ఎత్తుగా అమర్చిన ఇంజను దీని లక్షణాలు. 1925లో బాల్టిమోర్‌లో జరిగిన ష్నైడర్ ట్రోఫీ పందెంలో ఇది మూడవ స్థానం పొందింది.
* కర్టిస్ ఆర్3సి-2: అదే పందెంలో జేమ్స్ డూలిటిల్ గంటకు సుమారు 374 కిలోమీటర్ల సగటు వేగంతో గెలిచిన విమానం. సినిమాలో ప్రత్యర్థి నడిపే విమానానికి ఈ తరగతియే ఆధారం. అసలు విమానం అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ సేకరణలో ఉన్నది.

కొలతలు నిర్ణయించుట

యానిమేషన్‌లో ఒకే విమానం ఒక్కొక్క దృశ్యంలో ఒక్కొక్క పరిమాణంలో కనిపిస్తుంది. వేగాన్ని చూపుటకు దేహాన్ని సాగదీస్తారు, పాత్ర ముఖం స్పష్టంగా కనిపించుటకు కాక్‌పిట్‌ను పెద్దది చేస్తారు. కాబట్టి ఏదో ఒక దృశ్యాన్ని మాత్రమే నకలు చేస్తే చిత్రం తప్పుదారి పడుతుంది. నేరుగా పక్క నుండి కనిపించే దృశ్యాలను పోల్చి, వాటి నిష్పత్తులకు సగటు తీయుట మంచి పద్ధతి.

పరిమాణానికి మనిషి శరీరమే ఉత్తమమైన కొలబద్ద. కూర్చున్న మనిషి ఎత్తు, ఆసనం నుండి తల వరకు, ఉజ్జాయింపుగా 90 సెంటీమీటర్లు అనుకుంటే, 1/72 కొలమానంలో అది 12.5 మిల్లీమీటర్లు, 1/48లో 18.75 మిల్లీమీటర్లు అవుతుంది. ఈ విమానానికి ఫైన్ మోల్డ్స్ సంస్థ ప్లాస్టిక్ నమూనాలు వెలువడినది కూడా ఈ రెండు కొలమానాలలోనే.

నీటి విమానపు తప్పనిసరి లక్షణాలు

చిత్రం ఎంత అందంగా ఉన్నా, ఈ క్రింది అంశాలు లోపిస్తే తెలిసినవారు నమ్మరు.

* అడుగు మెట్టు: దేహపు అడుగు భాగం మధ్యలో ఒక మెట్టులా తెగి ఉండాలి. నీరు అడుగును అంటిపెట్టుకుని లాగే బలాన్ని ఇది విడదీస్తుంది. ఇది లేనిచో విమానం నీటి నుండి లేచుట కష్టం. మెట్టు, విమాన భారకేంద్రానికి కొద్దిగా వెనుక ఉంటుంది.
* ఇంజను ఎత్తు: ప్రొపెల్లరుకు నీటి తుంపరలు తగలకుండుటకే ఇంజనును పైన అమర్చుతారు. ప్రొపెల్లరు కొనలు దేహానికి తగలనంత ఖాళీ చూపవలెను. ఇంజను అంత ఎత్తున ఉండుట వలన దాని బలం ముక్కును క్రిందికి వంచుతుంది. తోక భాగం తగినంత పెద్దదిగా ఉండుటకు ఇది ఒక కారణం.
* రెక్క క్రింది ఫ్లోట్లు: నిలిచి ఉన్నప్పుడు విమానం పక్కకు ఒరగకుండా ఇవి ఆపుతాయి. పార్శ్వచిత్రంలో దగ్గరి ఫ్లోటు దేహంలో కొంత భాగాన్ని కప్పుతుంది.

రంగు, ఉపరితలం

ఆ కాలపు ఇటలీ పందెపు విమానాలకు ఎరుపు రంగు వేసేవారు. 1934లో గంటకు 709 కిలోమీటర్ల వేగంతో రికార్డు సృష్టించిన మాకీ ఎం.సి.72 ఇందుకు ఉదాహరణ. సినిమాలోని చదునైన ఎరుపును అలాగే నింపితే బొమ్మలాగే ఉంటుంది. పై అంచున వెలుగు, దేహపు వంపు వెంబడి క్రిందికి చిక్కబడే నీడ చూపినప్పుడే గుండ్రదనం వస్తుంది.

దేహం చెక్కతో చేసినదిగా భావిస్తే రివెట్ల వరుసలు గీయరాదు. పలకల అతుకులు, మేకుల గుర్తులు సన్నగా చూపవలెను. ఇంజను వెనుక పొగమసి, నీటిమట్టం వద్ద ఉప్పు చారలు, కాక్‌పిట్ అంచున రంగు అరుగుదల సహజత్వాన్ని ఇస్తాయి. సినిమాలో మిలాన్ నగరపు కార్ఖానాలో పదిహేడేళ్ళ ఫియో ఈ విమానాన్ని తిరిగి రూపొందిస్తుంది. కనుక మరమ్మతుకు ముందరి రూపమా, తరువాతి రూపమా అనేది చిత్రకారుడు మొదటే నిర్ణయించుకోవాలి. కొత్తగా రంగు వేసిన విమానంపై పాత మరకలు ఉండవు.

కల్పన, వాస్తవం

పార్శ్వచిత్రాన్ని పాఠకులు చారిత్రక సాక్ష్యంగా స్వీకరిస్తారు. నిజంగా అదే పేరుతో వేరొక విమానం ఉండుట వలన ఎస్.21 విషయంలో పొరపాటుకు అవకాశం మరింత ఎక్కువ. సినిమా విమానపు చిత్రాన్ని 1921 నాటి విమానంగా ఎవరైనా వాడితే, అసలు యంత్రపు రూపం మరుగున పడుతుంది. అందుచేత చిత్రం క్రింద "కాల్పనిక విమానం" అని, ఏ భాగం సినిమా నుండి, ఏ భాగం నిజ విమానం నుండి, ఏది చిత్రకారుని ఊహ అని స్పష్టంగా వ్రాయుట అవసరం. నమ్మించే శక్తి ఎంత ఎక్కువైతే ఈ బాధ్యత అంత ఎక్కువ.

ఇవి కూడా చూడండి

* హయావో మియజాకి
* ష్నైడర్ ట్రోఫీ
* నీటి విమానం