ఏకవ్యక్తి గిటార్ వాదన: కర్నూలు, కడప బాణీలు

ఏకవ్యక్తి గిటార్ వాదన అంటే గాయకుడు గానీ పక్కవాద్యాలు గానీ లేకుండా, ఒకే మనిషి ఒకే గిటార్ మీద పాట వరస, శ్రుతి, తాళం మూడింటినీ కలిపి వినిపించడం. ఒకే కచేరీలో శాస్త్రీయం, జానపదం, భక్తి, సినిమా బాణీలను వరసగా వాయించడం ఈ విద్యలో ఎక్కువ సాధన కోరే భాగం. రాయలసీమకు తనదైన గిటార్ సంప్రదాయం లేదు. కర్నూలు, కడప ప్రాంతాల్లో గిటార్ ఎక్కువగా వినిపించేది చర్చిలో, పెళ్ళి ఆర్కెస్ట్రాలో. రెండుచోట్లా అది పాటకు తోడు వాద్యమే. అయితే ఒక మనిషి ఒక తీగవాద్యం పట్టుకుని సభను నిలబెట్టడం ఈ నేలకు కొత్త కాదు.

చేతిలో పని

ఆరు తీగల గిటార్‌ను మామూలుగా ఇ, ఎ, డి, జి, బి, ఇ స్వరాలకు శ్రుతి చేస్తారు. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు, సన్న తీగ సుమారు 330 సార్లు కంపిస్తాయి. అంటే మెట్ల మీద వేలు పెట్టకముందే రెండు స్థాయిల నాదం చేతిలో ఉంటుంది. కుడిచేతి బొటనవేలు లావు తీగల మీద మంద్రాన్ని నడుపుతుంది. చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్ళు సన్న తీగల మీద వరస పలికిస్తాయి. ఈ పద్ధతిని స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో టారెగా (1852–1909) స్థిరపరిస్తే, ఆంద్రే సెగోవియా (1893–1987) పెద్ద సభలకు తీసుకెళ్ళాడు. అమెరికాలో మెర్ల్ ట్రావిస్, చెట్ ఆట్కిన్స్ బొటనవేలితో రెండు మంద్ర స్వరాలను మార్చి మార్చి కొట్టే నడకను ప్రచారంలోకి తెచ్చారు. ఆస్ట్రేలియాకు చెందిన టామీ ఇమాన్యుయేల్ ఆ నడక మీదే డ్రమ్స్, బేస్, వరస అన్నీ ఒక్కడే వాయించి ప్రపంచమంతా తిరిగాడు.

ఈ పద్ధతులన్నిటికీ ఆధారం కార్డులు, అంటే మూడు నాలుగు స్వరాలను ఒకేసారి పలికించే కట్టుబడి. సీమ పాటలకు కార్డులతో పని తక్కువ. తత్వమైనా, పద్యమైనా, కీర్తనైనా ఒక షడ్జం మీద నిలబడి నడుస్తుంది. అందుకే ఇక్కడి పాటను గిటార్ మీద ఒంటరిగా వాయించేవాడు ముందు ఆలోచించాల్సింది శ్రుతిని. తర్వాతే కార్డు, అదీ అవసరమైతేనే. ఈ క్రమాన్ని తలకిందులు చేసిన వాదనలో స్వరాలన్నీ సరిగానే ఉంటాయి, పాట మాత్రం సినిమా పాటలా వినిపిస్తుంది.

ముందు నడిచినవాళ్ళు

కడప జిల్లా కందిమల్లాయపల్లెలో స్థిరపడిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరు చెప్పి తత్వాలు పాడేవాళ్ళు సీమ పల్లెల్లో తరతరాలుగా ఉన్నారు. ఆ ఊరే ఇప్పుడు బ్రహ్మంగారిమఠం. ఆయన పశువులు కాచినట్టు చెప్పే బనగానపల్లె, కాలజ్ఞానం రాసినట్టు చెప్పే రవ్వలకొండ అటు పాత కర్నూలు జిల్లాలో ఉన్నాయి. తత్వం పాడేవాడు ఒక చేత్తో తంబుర మీటుతాడు, రెండో చేత్తో చిడతలు వాయిస్తాడు, కాలికి గజ్జె కడతాడు, నోటితో పాడతాడు. శ్రుతి, తాళం, వరస మూడూ ఒకే ఒంట్లో ఉంటాయి. టామీ ఇమాన్యుయేల్ చేసేదీ లెక్కకు ఇదే. కాకపోతే తంబురవాడికి టికెట్టు పెట్టినవాళ్ళు లేరు.

కృష్ణానది దాటితే నల్లమల అవతలి అంచున, నాగర్‌కర్నూల్ జిల్లాలో, 12 మెట్ల కిన్నెర మీద కథలు పాడిన దర్శనం మొగులయ్య కనిపిస్తాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది విడుదలైన ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో ఆ వాద్యం పేరు ఊరూరా తెలిసింది. మెట్లున్న తీగవాద్యం మీద ఒక్కడే సభ నడపడానికి తెలుగునాట ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

శాస్త్రీయ సంగీతంలో వీణ అసలే ఏకవ్యక్తి వాద్యం. 24 మెట్లు, నాలుగు వాదన తీగలు, పక్కన మూడు తాళపు తీగలు. వాటిని చిటికెన వేలితో మీటుతూ వాయించేవాడే తాళం పట్టుకుంటాడు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు (1936–1996) ఈ వాద్యాన్ని కచేరీ కట్టుబాటు దాటించి, కోయిల కూతను కూడా వీణ మీద పలికించాడు. పండితులు కొందరు పెదవి విరిచినా, జనం మాత్రం ఆయన చేతిలో వీణను కొత్తగా విన్నారు.

పాశ్చాత్య వాద్యాన్ని తెలుగువాడు పూర్తిగా సొంతం చేసుకున్న ఘట్టం మాత్రం మాండలిన్ శ్రీనివాస్‌ది. ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) పాలకొల్లులో పుట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. మామూలు మాండలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి. శ్రీనివాస్ వాటిని ఒంటి తీగలు చేసి, ఐదో తీగ చేర్చి, ఎలక్ట్రిక్ వాద్యం మీద గమకాలు పలికించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తర్వాత గిటార్ వాదకుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరాడు. ఎన్ని బాణీల వాళ్ళతో కూర్చున్నా ఆయన తన గమకం వదల్లేదు. సీమ గిటార్ వాదకుడు ఎవరి దగ్గరైనా పాఠం నేర్చుకోవాలంటే స్పెయిన్ కన్నా ముందు పాలకొల్లు వెళ్ళాలి.

గిటార్ మీదే కర్ణాటక సంగీతం వాయించిన సుకుమార్ ప్రసాద్, ఆర్. ప్రసన్న తమిళనాడు వాళ్ళు. హిందుస్తానీలో బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్‌ను ఒళ్ళో పడుకోబెట్టి ఉక్కు కడ్డీతో వాయించాడు. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి 1967లో ఆయన చేసిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డు ఇప్పటికీ అమ్ముడుపోతోంది. కడ్డీ పద్ధతిలో జారుళ్ళు నునుపుగా వస్తాయి. కానీ బొటనవేలు వేరే మంద్రపు నడక నడపడం కష్టం. ఒంటరిగా వాయించేవాడు ఇటు మెట్లా, అటు కడ్డీయా అన్నది మొదట్లోనే తేల్చుకోవాలి.

తత్వం: శ్రుతి కట్టడం

తత్వానికి అనువైన అమరిక డి, ఎ, డి, జి, ఎ, డి. డి స్వరాన్ని షడ్జంగా పెట్టుకుంటే ఇవి స, ప, స, శుద్ధ మధ్యమం, ప, స అవుతాయి. హార్మోనియం వాళ్ళ భాషలో ఇది రెండు శ్రుతి. మంద్రంలో మూడు తీగలు తంబురలా మోగుతుంటే, పైతీగల మీద వరస నడుస్తుంది. ఈ అమరికను 1960ల తొలినాళ్ళలో బ్రిటన్‌లో డేవీ గ్రాహమ్ ప్రచారంలోకి తెచ్చాడు. తంబుర విని పెరిగిన చెవికి ఇది చాలా తొందరగా పట్టుబడుతుంది.

చిక్కు రాగంతో వస్తుంది. మోహనలో మధ్యమం లేదు. జి తీగ వేలు పెట్టకుండా మోగితే అపస్వరం. అప్పుడు ఆ తీగను అర స్వరం దించి, అంతర గాంధారానికి చేర్చాలి. కల్యాణిలో ప్రతి మధ్యమం ఉంటుంది కాబట్టి అక్కడా ఇదే మందు. హిందోళంలో పంచమమే ఉండదు, అప్పుడు ఎ తీగలను జి కి దించి మధ్యమ శ్రుతి కట్టాలి. వేదిక మీద పాట పాటకూ చెవులు మెలితిప్పుతూ కూర్చుంటే జనం లేచిపోతారు. అందుకే కచేరీ వరసను రాగాల అందాన్ని బట్టి కాక శ్రుతి అమరికను బట్టి కూర్చుకోవడం, లేదా రెండు గిటార్లు పెట్టుకోవడం మంచిది. శ్రుతి పెంచడానికి మెట్ల మీద బిగించే కాపో చాలు. రెండో మెట్టు మీద బిగిస్తే మూడు శ్రుతి వస్తుంది.

అన్నమయ్య కీర్తన

రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుల (1408–1503) కీర్తనలు రాగిరేకుల మీద రాగం పేరుతో సహా దొరికాయి, స్వరాలు మాత్రం లేవు. ఈనాడు మనం పాడుకునే వరసల్లో చాలావాటిని 20వ శతాబ్దిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివాళ్ళు కట్టారు. కాబట్టి గిటార్ కోసం కొత్తగా అమర్చడం పాపమేమీ కాదు. వరస కట్టినవారి పేరు చెప్పకపోవడమే తప్పు, వేదికల మీద అది రోజూ జరుగుతోంది.

వాయింపులో అసలు పరీక్ష గమకం. వీణలో మెట్టు ఎత్తుగా ఉండి తీగ బాగా సాగుతుంది. ఒకే మెట్టు మీద నాలుగైదు స్వరాలు లాగవచ్చు. ఉక్కు తీగల గిటార్‌లో రెండు స్వరాలు లాగడమే గొప్ప, నైలాన్ తీగల మీద అదీ కష్టం. అందుకని లాగాల్సిన చోట సగం జారుతో, సగం లాగుడుతో సర్దుకోవాలి. బొటనవేలి విషయంలోనూ జాగ్రత్త కావాలి. ట్రావిస్ నడక రెండు రెండుగా పోతుంది. మిశ్రచాపు కీర్తనకు ఏడు అక్షరాలను 3, 2, 2గా విడగొట్టి, ఒకటి, నాలుగు, ఆరో అక్షరాల మీద మంద్రం పడాలి. ఇది చేతికి ఎక్కేదాకా మెల్లగా, నోటితో తాళం చెప్పుకుంటూ వాయించడం తప్ప దగ్గరి దారి లేదు.

సురభి పద్యం

గిటార్‌కు అన్నిటికన్నా మొండి బాణీ ఇది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించడంతో సురభి నాటక సమాజం మొదలైంది. రంగస్థల పద్యానికి తాళం లేదు. ఛందస్సు నడక, నటుడి ఊపిరి, చివర సాగదీసే రాగం, ఆ పైన జనం ‘వన్స్ మోర్’ కేక. హార్మోనియం గాలి ఉన్నంతసేపు స్వరాన్ని పట్టి ఉంచుతుంది. గిటార్ స్వరం కొద్ది సెకన్లలోనే చల్లారిపోతుంది. దీర్ఘాన్ని నిలబెట్టాలంటే ఒకే స్వరాన్ని మూడు వేళ్ళతో ఆగకుండా మీటాలి. పాదం ముగిసేదాకా మంద్రం ముట్టకుండా, ముగిశాక ఒక్కసారి షడ్జం వేస్తే పద్యం పద్యంలా ఉంటుంది. మధ్యలో తాళం కొట్టినవాడు పద్యాన్ని పాట చేసినట్టే. నాటకాలాడేవాళ్ళు ఎత్తు శ్రుతిలో పాడతారు గనుక ఇక్కడ కాపో తప్పనిసరి.

డప్పు, చెక్కభజన

చెక్కభజనలో చేతి చెక్కలు, అడుగులు కలిసి వేగం పెంచుకుంటూ పోతాయి. డప్పును ఒక చేతి సిర్రతో, మరో చేతి చిటికెన పుల్లతో వాయిస్తారు. ఒకటి గట్టి దెబ్బ, ఇంకొకటి సన్న దెబ్బ. గిటార్ మీద వీటికి చోట్లు ఉన్నాయి: తీగలు ముడిపడే వంతెన దగ్గర అరచేతి మణికట్టు వైపు భాగంతో కొడితే లోతైన దెబ్బ, పక్కపలక మీద వేలికొనతో కొడితే పదునైన దెబ్బ. ఎడమచేతి వేళ్ళు మెట్ల మీదే కొట్టి వరస పలికిస్తుంటే కుడిచెయ్యి దరువుకు ఖాళీ అవుతుంది. జనానికి ఇదే బాగా నచ్చుతుంది. నచ్చిందని కచేరీ అంతా కొట్టడం మొదలుపెడితే గిటార్ వినడానికి వచ్చినవాడు ఇంటికెళ్తాడు.

దర్గా, చర్చి

కడప అమీన్‌పీర్ దర్గా ఉరుసు ఖవ్వాలీలకు పేరుపొందింది. ఎ.ఆర్. రెహమాన్ అక్కడికి వస్తుంటాడు. ఖవ్వాలీ బలం చప్పట్లలో, పల్లవిని తిప్పి తిప్పి పాడి ఎత్తుకు తీసుకెళ్ళడంలో ఉంది. ఒక్క గిటార్‌తో గుంపు చప్పట్లు రావు. తీగలను అరచేత్తో అదిమి కొట్టే చప్పుడు కొంత సాయం చేస్తుంది, అంతే. చర్చి పాట మాత్రం గిటార్‌కు అన్నిటికన్నా దగ్గర. లండన్ మిషనరీ సొసైటీ 19వ శతాబ్ది తొలి పాదంలోనే కడపకు చేరింది. నంద్యాల నేడు సి.ఎస్.ఐ. డయాసిస్ కేంద్రం. ఇక్కడి ఆరాధనలో రెండు రకాల పాటలుంటాయి. ఇంగ్లీషు వరసలకు చేసిన తెలుగు పాటలు నాలుగు గొంతుల కట్టుబడితో వస్తాయి కాబట్టి అలాగే గిటార్‌లో ఒదుగుతాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలం నుంచి వచ్చిన కీర్తనలు రాగతాళాలకు కట్టినవి, వాటికి తత్వం చేసే పనే చెయ్యాలి. రెంటికీ ఒకే మూడు కార్డులు గీకడం నేటి అలవాటు.

సినిమా పాట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అడిగేది ఎక్కువగా అదే, వాయించడం తేలిక, చప్పట్లు ఖాయం.

ఎండ, కొయ్య, తీగ

గిటార్ కొయ్యకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. కర్నూలు, కడపల్లో ఏడాది వాన సుమారు 700 మిల్లీమీటర్లు, వేసవిలో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలు. ఆ పొడిగాలికి మెట్లపలక కుంచించుకుపోయి మెట్ల కొసలు బయటికి పొడుచుకువస్తాయి. చేత్తో తడిమితే గీసుకుంటాయి. ఆ తర్వాత పైపలక చీలుతుంది. ఉక్కు తీగలు మొత్తం 70 కిలోల పైన బరువుతో లాగుతుంటాయి గనుక చీలిక త్వరగా పెరుగుతుంది. వానలు పడ్డాక అదే కొయ్య ఉబ్బి తీగలు ఎత్తుకు లేస్తాయి, శ్రుతి మారుతుంది. గిటార్‌ను పెట్టెలోనే ఉంచాలి. పెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజిని చిల్లుల డబ్బాలో పెట్టాలి. ఎండలో నిలిపిన కారులో అసలు వదలకూడదు.

సీమలో తొలి గిటార్ కొనేవాళ్ళు పైపలక ఒకే చెక్కతో చేసినదా, పొరలు అతికించినదా అని దుకాణంలో అడగండి. నాదం కాస్త తక్కువైనా పొరల పలకే ఈ ఎండకు తట్టుకుంటుంది.