ముప్పై అయిదేళ్లకు గెలిచిన సీసా

కాలిఫోర్నియాలోని కుపర్టినో తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. ఉద్యోగాలకని వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు బోలెడు. ఆ ఊరికి పడమటి దిక్కున కనిపించే కొండల్లో ఒకదాని పేరు మాంటె బెల్లో. ఇటలీ భాషలో అందమైన కొండ అని అర్థం. మెలికలు తిరిగే ఇరుకు దారిన 2,600 అడుగుల ఎత్తు దాకా ఎక్కితే ఒక పాత ద్రాక్షతోట ఎదురవుతుంది.

1885లో ఒసియా పెరోనె అనే ఇటలీ డాక్టరు కొండ నెత్తిన 180 ఎకరాలు కొన్నాడు. ఏటవాలు నేలను మెట్లు మెట్లుగా చదును చేయించి తీగలు పెట్టించాడు. కొండను తొలిపించి, అక్కడి సున్నపురాయితోనే మూడు అంతస్తుల వైన్ శాల కట్టించాడు. 1892లో మొదటి వైన్ తయారైంది. 1920లో దేశమంతటా మద్యనిషేధం వచ్చి 1933 దాకా సాగింది. ఆ కొండమీది తోటలు పాడుబడ్డాయి. 1940ల్లో విలియం షార్ట్ అనే మతశాస్త్ర పండితుడు పెరోనె భూమికి దిగువనున్న బీడు తోటను కొని, కొన్ని మడుల్లో కాబర్నే సావిన్యాన్ అనే ద్రాక్ష రకం నాటాడు. అతను ఆ పని చేసి ఉండకపోతే ఈ కథ అక్కడితో ముగిసేది.

1959లో ఆ తోటను స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో పనిచేసే నలుగురు మిత్రులు కొన్నారు. వారిలో చార్లీ రోసెన్ ఆ తర్వాత షేకీ అనే తొలితరం రోబోను తీర్చిదిద్దిన బృందానికి పెద్దదిక్కు. ఆ ఏడు తమ కోసమని పావు పీపా వైన్ చేసుకున్నారు. రుచి చూశాక ఇది ఇంటివరకే ఆగాల్సిన సరుకు కాదనిపించింది. 1962 పంటకల్లా లైసెన్సు తెచ్చుకుని రిడ్జ్ పేరుతో వ్యాపారం మొదలుపెట్టారు. 1969లో పాల్ డ్రేపర్ వచ్చి చేరాడు. అతను చదివింది తత్వశాస్త్రం. వైన్ తయారీలో పట్టా లేదు. ద్రాక్షతో పాటు తోట నుంచి వచ్చే సహజమైన ఈస్టుతోనే రసాన్ని పులియబెట్టాడు. వీలైనంత తక్కువ జోక్యం అతని పద్ధతి.

మిగతా పని కొండదే. మట్టి పొర పలచన, అడుగున సున్నపురాయి. పసిఫిక్ మీదుగా వచ్చే చల్లగాలికి కాయ నిదానంగా పండుతుంది. పండు చిన్నది, తోలు మందం, పులుపు చెడదు. పడుచుగా ఉన్నప్పుడు ఆ వైన్ నాలుకను పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది.

1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి నిపుణులు పేర్లు చూడకుండా పది రెడ్ వైన్లను రుచి చూశారు. రిడ్జ్ వారి మాంటె బెల్లో 1971 వైన్‌కు అయిదో స్థానం దక్కింది. కాలిఫోర్నియా వైన్లు ఇప్పుడు బాగున్నా కాలానికి నిలవవని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. సరిగ్గా ముప్పై ఏళ్లకు, 2006 మే 24న, అవే వైన్లను లండన్‌లోనూ కాలిఫోర్నియాలోని నాపాలోనూ మళ్లీ పోసి చూశారు. రెండు చోట్లా మొదటి స్థానం మాంటె బెల్లోదే. అప్పటికి ఆ వైన్ వయసు ముప్పై అయిదేళ్లు.

పెరోనె కట్టించిన ఆ రాతి గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. కుపర్టినో వైపు వెళ్లే పని పడితే, వైన్ ముట్టకపోయినా సరే, ఒక పూట ఆ కొండెక్కి రండి.