సుల్తాన్ బజార్: వాడ చరిత్ర, వంశ చరిత్ర – ఆధారాల పరిశీలన

ప్రస్తావన

నగర చరిత్ర రచనలో రాజవంశాలకు, కట్టడాలకు లభించిన ప్రాధాన్యం వాడలకు లభించలేదు. వాడను గురించి రాసిన సందర్భాలలో కూడా అక్కడి ప్రముఖ కుటుంబాల వంశక్రమాన్నే వాడ చరిత్రగా స్వీకరించడం పరిపాటి. వంశానికి ఆధారం రక్తసంబంధం; వాడకు ఆధారం సహనివాసం. ఒకే వంశం పలు ఊళ్లకు విస్తరించవచ్చు. ఒకే వాడలో పలు భాషల, వృత్తుల వారు కలిసి బతకవచ్చు. ఈ రెండింటినీ ఒకటిగా భావించినప్పుడు కొందరు మనుషులు చరిత్ర నుండి జారిపోతారు. హైదరాబాదులోని సుల్తాన్ బజార్‌ను ఉదాహరణగా స్వీకరించి, వాడ చరిత్రకు లభించే ఆధారాల స్వభావాన్ని, వాటి పరిమితులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వాడ పేరు – పాలన మార్పు

సుల్తాన్ బజార్ అన్నది ఆ వాడకు తొలి పేరు కాదు. మూసీ ఉత్తరపు ఒడ్డున నిర్మితమైన బ్రిటిష్ రెసిడెన్సీని ఆనుకొని పెరిగిన అంగళ్లు రెసిడెన్సీ బజార్లుగా ప్రసిద్ధం. అవి రెసిడెన్సీ అధికార పరిధిలో ఉండేవి. 1933లో వాటిని నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించిన తరువాత సుల్తాన్ బజార్ అన్న పేరు వచ్చింది. పరిశోధకులకు ఇది కేవలం పేరు మార్పు కాదు. 1933కు ముందటి వ్యవహారాలకు రెసిడెన్సీ పత్రాలను, తరువాతి వాటికి నిజాం ప్రభుత్వ పత్రాలను ఆశ్రయించవలసి ఉంటుంది. నేటి పేరుతో మాత్రమే వెతికితే వాడ చరిత్రలో తొలి శతాబ్దం మొత్తం కనిపించకుండా పోతుంది.

అధికారిక కథనాలలో ఎవరి పేర్లు నిలుస్తాయో 1857 జూలై 17 నాటి ఘటన తెలుపుతుంది. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ల నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగినప్పుడు, తిరుగుబాటుదారులు పుత్లీబౌలీ వైపున ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్‌ల ఇళ్లను ఆక్రమించి అక్కడి నుండి పోరాడారు. ఆ ఇళ్ల యజమానుల పేర్లు చరిత్రకెక్కాయి. ఆ వీధిలో అద్దెకున్నవారు, నీళ్లు మోసినవారు, అంగళ్లలో పనిచేసినవారు ఎవరన్నది ఆ కథనాల పరిధిలోకి రాలేదు. ఆస్తి ఉన్నవారికే చిరునామా, చిరునామా ఉన్నవారికే చరిత్ర అన్న స్థితి ఇక్కడ స్పష్టమవుతుంది.

పటం, తేదీ

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద అనంతరం లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో 1912–1915 మధ్య రూపొందిన నగర సర్వే పటాలు హైదరాబాదు వాడల అధ్యయనానికి విలువైన ఆధారం. వీధులు, ఇళ్ల హద్దులు వాటిలో సూక్ష్మంగా కనిపిస్తాయి. కాని పటం స్థలాన్ని చూపుతుందే తప్ప బాంధవ్యాన్ని చూపదు. పక్కపక్కన ఉన్న రెండు గడపలు ఒకే కుటుంబపు పంపకాల ఫలితమా, అపరిచితుల ఇరుగుపొరుగా అన్నది కుటుంబాల వద్ద ఉన్న దస్తావేజులతో, పెద్దల జ్ఞాపకాలతో సరిచూసి నిర్ణయించవలసినదే.

అలా సరిచూడడంలో మొదటి చిక్కు తేదీలది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న స్థాపితమైంది. తెలుగు కుటుంబపు కాగితంలో అదే కాలం ప్లవ సంవత్సరం. హైదరాబాదు రాజ్య వ్యవహారంలో ఫసలీ 1310, హిజ్రీలో 1319. అరవై ఏళ్లకోసారి తిరిగివచ్చే సంవత్సర నామంలో 1841 కూడా ప్లవమే, 1961 కూడా ప్లవమే. కేవలం ప్లవ అని ఉన్న కాగితాన్ని తొందరపడి ఒక తరానికి చేరిస్తే, తాత చేసిన పని మనుమడి ఖాతాలో పడుతుంది.

ఇంటిపేరు – స్త్రీల స్థానం

ఇంటిపేరు వంశ పరిశోధనకు ప్రధాన ఆధారంగా చెలామణి అవుతోంది. అనేక ఇంటిపేర్లు గ్రామనామాల నుండి ఏర్పడ్డాయి కనుక పూర్వికుల స్థానాన్ని అవి సూచించగలవు. అయితే ఆ ఊరిని ఎప్పుడు విడిచారో, నగరానికి ఏ దారిన చేరారో అవి చెప్పవు. అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. ఇంటిపేరు వివాహంతో స్త్రీని పుట్టింటి వరుస నుండి వేరుచేస్తుంది.

భాషానిలయ స్థాపకులలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావును, అబలా సచ్చరిత్ర రత్నమాల రచయిత్రి భండారు అచ్చమాంబను (1874–1905) ఇంటిపేర్ల అకారాది పట్టికలో పెడితే రెండు వేర్వేరు చోట్ల కనిపిస్తారు. వారు తమ్ముడూ అక్కా. నాగపూరులో లక్ష్మణరావు చదువు అక్కగారి ఇంట ఉండి సాగింది. భాషానిలయం వెనుక ఉన్న విద్యాసంస్కారానికి పూర్వరంగం వెతకాలంటే ఆ ఇంటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పురుష సంతాన వరుసగా మాత్రమే సాగే వంశవృక్షంలో ఆ ఇంటికి చోటుండదు.

వాడకు కేంద్రమైన రెసిడెన్సీ భవనం కూడా ఇదే పాఠం చెబుతుంది. దాని నిర్మాణానికి పూనుకున్న జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసా దంపతుల పిల్లలు హైదరాబాదులో సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. 1805లో వారిని ఇంగ్లండుకు పంపారు. అక్కడ క్రైస్తవ నామకరణంతో వారు విలియం జార్జ్, కేథరిన్ అరోరా అయ్యారు. పేరు మారడంతో కాగితం మీద సంతతి తెగిపోయింది. దశాబ్దాల తరువాత కేథరిన్‌కు, హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నిసాకు మధ్య నడిచిన ఉత్తరాలు ఆ తెగిన పోగును తిరిగి కలిపాయి. ఇక్కడ వంశాన్ని నిలిపినది తండ్రి ఇంటిపేరు కాదు, తల్లి వైపు జ్ఞాపకం.

సంస్థల సాక్ష్యం

బహుభాషా వాడలో వంశచరిత్ర చెప్పలేని దానిని సంస్థల చరిత్ర చెప్పగలదు. 1921 నవంబరులో వివేకవర్ధిని ప్రాంగణంలో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార మహాసభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆంధ్ర జనసంఘం ఆవిర్భావానికి ఈ అవమానం తక్షణ కారణమైంది. ఆ రాత్రి కలిసి కూర్చున్న తెలుగువారిని ఏకం చేసినది గోత్రం కాదు, ఒకే నగరంలో ఒకే భాష కారణంగా ఎదురైన అనుభవం. ఇటువంటి బంధాన్ని ఏ వంశవృక్షమూ చిత్రించలేదు.

ముగింపు

వాడ పేరు, పటం, దస్తావేజు, ఇంటిపేరు, సంస్థల పత్రాలు – వీటిలో ఏ ఒక్కటీ స్వయంసంపూర్ణం కాదు. ఒకదాని మౌనాన్ని మరొకదానితో పూరించుకోవాలి. క్షేత్ర పరిశోధనలో పెద్దలను మీ పూర్వికులెవరు అని అడగడంతో ఆగక, మీ ఇంట ఎవరు అద్దెకుండేవారు, మీ ఆడపడుచులను ఏ ఊరికిచ్చారు, పక్కింటివారితో ఏ భాషలో మాట్లాడేవారు అని కూడా అడగాలి. సుల్తాన్ బజార్ వంటి వ్యాపార వాడలో ఇళ్లు అంగళ్లుగా మారేకొద్దీ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు తగ్గిపోతారు. కాగితాలు కొంతకాలం వేచి ఉండగలవు. మనుషుల జ్ఞాపకం వేచి ఉండదు. ప్రముఖుల వంశావళిని మాత్రమే భద్రపరిస్తే మిగిలేది కొన్ని కుటుంబాల చరిత్రే అవుతుంది. అద్దెకున్నవారికి, ఆడపడుచులకు, పరభాషల పొరుగువారికి చోటిచ్చినప్పుడే అది వాడ చరిత్ర కాగలదు.