ఇంటర్‌తోనే ఆట ఆగిపోతోందా? బాస్కెట్‌బాల్ ప్లేయర్లు కాలేజీ ఎంచుకునేది ఇలా.. అమెరికా లెక్క వేరు, బెజవాడ లెక్క వేరు!

పదో తరగతి ఫలితాల సీజన్ వస్తే బెజవాడలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటి తలుపు తడతారు. మంచి మార్కులు వచ్చిన పిల్లాడైతే ఫీజులో సగం తగ్గిస్తామంటారు, ఇంకొకరు వచ్చి మొత్తం మాఫీ అంటారు. అమ్మానాన్నలు నాలుగు క్యాంపస్‌లు తిరిగి చూసి, చుట్టాలను అడిగి, చివరికి ఒకటి ఫిక్స్ చేస్తారు. సరిగ్గా ఇదే తంతు అమెరికాలో బాస్కెట్‌బాల్ బాగా ఆడే స్కూల్ పిల్లల కోసం జరుగుతుంది. కాకపోతే అక్కడ ఇంటికి వచ్చేది పీఆర్వో కాదు, యూనివర్సిటీ కోచ్.

మరి మన దగ్గర బంతి పట్టుకున్న పిల్లల సంగతేంటి? వాళ్లు కాలేజీని ఎలా ఎంచుకోవాలి? ముందు అక్కడి పద్ధతి చూసి, తర్వాత మన ఊరికి వద్దాం.

అమెరికాలో ఏం జరుగుతుంది?

అక్కడ కాలేజీ ఆటను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ. అందులో టాప్ లెవెల్ డివిజన్-1. ఈ డివిజన్‌లో 360కి పైగా యూనివర్సిటీలు బాస్కెట్‌బాల్ ఆడతాయి. స్కూల్ పిల్లలకు ఈఎస్‌పీఎన్, 247స్పోర్ట్స్ లాంటి సంస్థలు స్టార్లు, ర్యాంకులు ఇస్తాయి. ఫైవ్ స్టార్ వచ్చిందంటే పెద్ద కాలేజీలన్నీ వెంటపడతాయి. వేసవిలో నైకీ, అడిడాస్ లాంటి షూ కంపెనీల టోర్నీల్లో కోచ్‌లు గట్టు మీద కూర్చుని మరీ చూస్తారు.

ఆ తర్వాత కుర్రాడు క్యాంపస్‌లకు వెళ్తాడు. ఖర్చు యూనివర్సిటీదే. దీన్ని అఫీషియల్ విజిట్ అంటారు. లిస్టును పది నుంచి ఐదుకు, ఐదు నుంచి రెండుకు కుదించి, ఒకరోజు కెమెరాల ముందు కూర్చుని టోపీ తీసి పెట్టుకుంటాడు. ఆ టోపీ మీద ఏ పేరు ఉంటే అదే కాలేజీ. మనకు వింతగా ఉంటుంది గానీ, అక్కడ అది లైవ్ టీవీ షో.

అసలు వాళ్లు దేన్ని చూసి తేల్చుకుంటారు? మొదటిది కోచ్. రెండోది, నాకు ఆడే ఛాన్స్ ఎంత అన్న లెక్క. మూడోది ఎన్‌బీఏకి దారి. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లోకి రావాలంటే అమెరికా కుర్రాడికి 19 ఏళ్లు నిండాలి, స్కూల్ అయిపోయి ఏడాది గడవాలి. 2006 డ్రాఫ్ట్ నుంచి ఇదే రూల్. అందుకే టాప్ ప్లేయర్లలో చాలామందికి కాలేజీ అంటే నాలుగేళ్ల డిగ్రీ కాదు, ఒక్క సీజన్.

కూపర్ ఫ్లాగ్‌నే తీసుకోండి. 2023 అక్టోబర్‌లో యూకాన్‌ను కాదని డ్యూక్ యూనివర్సిటీకి ఓకే చెప్పాడు. 2024-25లో ఒక్క సీజన్ ఆడాడు. 2025 డ్రాఫ్ట్‌లో నంబర్ వన్‌గా డల్లాస్ మావెరిక్స్‌కు వెళ్లాడు. డ్యూక్ అంటే ఆటలో పాత పేరు, అక్కడికి వెళ్లడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఏజే డిబాంట్సా రూటు మార్చాడు. 2024 డిసెంబర్‌లో నార్త్ కరోలినా, కాన్సస్ లాంటి పెద్ద పేర్లను పక్కనపెట్టి బీవైయూ అన్నాడు. అక్కడి కోచ్ కెవిన్ యంగ్ అంతకుముందు ఎన్‌బీఏలో ఫీనిక్స్ సన్స్‌కు అసిస్టెంట్ కోచ్. కాలేజీ పేరు కంటే, నన్ను ఎవరు తయారు చేస్తారన్నదే ముఖ్యం అనుకునేవాళ్లకు ఇలాంటి కోచ్‌లే ఆకర్షణ.

డబ్బు కూడా ఇప్పుడు బహిరంగమే. 2021 జూలై నుంచి ప్లేయర్లు తమ పేరు, ఫొటో వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు. 2025లో కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత యూనివర్సిటీలే నేరుగా వాటా ఇస్తున్నాయి. నచ్చకపోతే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టి వేరే కాలేజీకి మారిపోవడం కూడా మామూలైంది.

బెజవాడలో అసలు చిక్కు ఇంటర్‌లోనే

ఇక మన దగ్గరకొద్దాం. ఇక్కడ ప్లేయర్ కాలేజీ ఎంచుకోవడం అంటే డిగ్రీ దగ్గర మొదలయ్యే విషయం కాదు. పదో తరగతి అయిన మర్నాడే మొదలవుతుంది. నిజం చెప్పాలంటే చాలామంది విషయంలో అక్కడే ముగిసిపోతుంది కూడా.

శ్రీచైతన్య 1986లో పుట్టింది విజయవాడలోనే. ఇంటర్ రెసిడెన్షియల్ చదువుకు ఈ ఊరు ఎప్పటినుంచో అడ్డా. గూడవల్లి, గొల్లపూడి, పోరంకి, ఈడుపుగల్లు వైపు వెళ్తే హాస్టల్ బిల్డింగులే కనిపిస్తాయి. తెల్లవారుజామున లేస్తే రాత్రి దాకా క్లాసులు, స్టడీ అవర్లు. అలాంటి చోట బాస్కెట్‌బాల్ కోర్టు కోసం వెతకడం, మండు వేసవిలో కృష్ణలో వరద కోసం ఎదురుచూడటం లాంటిదే.

16, 17 ఏళ్ల వయసు ఈ ఆటకు చాలా కీలకం. పిల్లలు ఎత్తు పెరుగుతారు, శరీరం గట్టిపడుతుంది, షాట్ కుదురుకుంటుంది. సరిగ్గా ఆ రెండేళ్లు బంతి ముట్టుకోకపోతే డిగ్రీలో చేరాక మళ్లీ మొదటికొచ్చినట్టే. పైగా స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో అండర్-14, అండర్-17 తర్వాత అండర్-19 ఉంది. అది ఇంటర్ పిల్లల కోసమే. బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ జూనియర్ నేషనల్స్ కూడా 18 ఏళ్లలోపు వాళ్లకే. అంటే సర్టిఫికెట్లు వచ్చే వయసూ ఇదే, ఆట మానేసే వయసూ ఇదే.

అమ్మాయిల విషయంలో ఇది ఇంకా కష్టం. సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక చీకటి పడ్డాక ఇంటికి ఎలా రావాలన్నదే మొదటి ప్రశ్న. కాబట్టి ఇంటర్ కాలేజీని చూసేటప్పుడు పాస్ పర్సంటేజీతో పాటు ఇంకో రెండు అడగండి. క్యాంపస్‌లో కోర్టు ఉందా? టోర్నీకి వెళ్లిన రోజులకు అటెండెన్స్ ఇస్తారా? డే స్కాలర్‌గా చేరితే సాయంత్రం ఎక్కడైనా ఆడుకునే వీలుంటుంది. రెసిడెన్షియల్‌లో చేరితే ఆ వీలు దాదాపు ఉండదు.

ఊళ్లో ఆటకు చోటు లేక కాదు. ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం ఉంది, దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం ఉంది. ఆ పేరు ఎవరిదో ఈ తరానికి తెలియకపోవచ్చు. వెయిట్ లిఫ్టింగ్‌లో దేశానికి ఆడిన మన కృష్ణా జిల్లా బలశాలి ఆయన. 1963 నాటి నర్తనశాల సినిమాలో భీముడు కూడా ఆయనే.

డిగ్రీ, బీటెక్‌లో.. ఈ ఒక్క తేడా తెలిసి తీరాలి

చాలామంది తల్లిదండ్రులు పట్టించుకోని పాయింట్ ఒకటుంది. యూనివర్సిటీ పోటీల్లో ఆడేది కాలేజీ కాదు, యూనివర్సిటీ.

ఉదాహరణకు 1953 నుంచి ఉన్న ఆంధ్ర లయోలా కాలేజీలో గానీ, మారిస్ స్టెల్లాలో గానీ, పీబీ సిద్ధార్థలో గానీ మీ అబ్బాయో అమ్మాయో చేరితే, అవి కృష్ణా యూనివర్సిటీ పరిధిలోకి వస్తాయి. ముందు ఇంటర్ కాలేజియేట్ టోర్నీలో ఆడాలి. అక్కడి నుంచి యూనివర్సిటీ జట్టుకు సెలక్ట్ కావాలి. అప్పుడే సౌత్ జోన్ పోటీలు. అదే కాకినాడ జేఎన్‌టీయూకి అనుబంధంగా ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ అయితే, పలు జిల్లాల కాలేజీల నుంచి వచ్చిన వాళ్లతో పోటీ పడి ఆ 12 మందిలో ఒకరు కావాలి.

డీమ్డ్, ప్రైవేట్ యూనివర్సిటీల లెక్క వేరు. వడ్డేశ్వరంలోని కేఎల్, వడ్లమూడిలోని విజ్ఞాన్, అమరావతి ప్రాంతంలోని ఎస్‌ఆర్‌ఎం, విట్.. వీటికి ఎవరి జట్టు వాళ్లదే. క్యాంపస్‌లో నెగ్గితే నేరుగా సౌత్ జోన్‌కే. అంటే జట్టులో చోటు కాస్త సులువు. కానీ చుట్టూ ఉన్న తొమ్మిది మందీ మామూలు ఆటగాళ్లయితే జోన్‌లో మొదటి రౌండ్‌లోనే ఇంటికి వచ్చేస్తారు. జోన్‌లో పైస్థాయిలో నిలిచిన జట్లే ఆలిండియా రౌండ్‌కు, అక్కడ మెరిసినవే 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌కు వెళ్తాయి. ఇది అమెరికా కుర్రాడు వేసుకునే లెక్కే. పెద్ద జట్టులో బెంచ్ మీద కూర్చోవడమా, చిన్న జట్టులో నలభై నిమిషాలూ ఆడటమా?

నన్నడిగితే మొదటి రెండేళ్లు ఆడే నిమిషాలకే ఓటు. బెంచ్ మీద కూర్చుని ఎవరూ షూటర్ కాలేదు.

మన దగ్గర చదువు, ఆట రెండూ ఒకే క్యాంపస్ నుంచి లాగిన వాళ్లు లేకపోలేదు. విజయవాడ ఆర్చర్ జ్యోతి సురేఖ కేఎల్ యూనివర్సిటీలోనే బీటెక్, ఎంబీఏ చేసింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. కాకపోతే విలువిద్య వ్యక్తిగత ఆట. బాస్కెట్‌బాల్‌కు పక్కన జట్టు కావాలి, రోజూ పదిమంది ప్రాక్టీస్‌కు రావాలి.

అందుకే దక్షిణాదిలో ఎత్తున్న పిల్లల చూపు చెన్నై వైపు ఉంటుంది. ఎస్‌ఆర్‌ఎం లాంటి యూనివర్సిటీలు, అమ్మాయిలకైతే ఎంఓపీ వైష్ణవ్ లాంటి కాలేజీలు ఈ ఆటకు పేరున్నవి. కేరళలో చంగనాశ్శేరి అసంప్షన్ కాలేజీ నుంచి వచ్చిన గీతూ అన్నా జోస్ సదరన్ రైల్వేకి ఆడి, 2011లో అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ ట్రయల్స్ దాకా వెళ్లింది. ఒక కాలేజీలో ఏళ్ల తరబడి ఆట సంప్రదాయం ఉంటే అది సీనియర్ల నుంచి జూనియర్లకు దానంతటదే వస్తుంది. బెజవాడ నుంచి చెన్నైకి రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగొచ్చు, మరీ దూరమేం కాదు.

స్పోర్ట్స్ కోటా.. ఆశ ఎంత, సీటు ఎంత?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో స్పోర్ట్స్ అండ్ గేమ్స్ కేటగిరీ వాటా ఏళ్లుగా అర శాతం. అంటే రెండొందల సీట్లకు ఒకటి. దానికి అన్ని ఆటల వాళ్లూ పోటీ. ఎంట్రన్స్‌లో అర్హత సాధించాల్సిందే, ఆ తర్వాత సర్టిఫికెట్ స్థాయిని బట్టి ప్రాధాన్యం. దేశానికి ఆడినవాళ్లు ముందు, నేషనల్స్ మెడల్ తెచ్చినవాళ్లు తర్వాత, అలా కిందికి. జిల్లా స్థాయి సర్టిఫికెట్‌ను నమ్ముకుని కోచింగ్ మానేస్తే దెబ్బతింటారు.

జేఈఈ రాసే పిల్లలకు ఇంకో దారి తెరుచుకుంది. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి స్పోర్ట్స్ ఎక్సలెన్స్ అడ్మిషన్ మొదలుపెట్టింది. ఒక్కో కోర్సులో అదనంగా రెండు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకు. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాస్ కావాలి, గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ స్థాయి మెడల్ ఉండాలి. ఆటల జాబితాలో బాస్కెట్‌బాల్ ఉంది.

ఇక ప్రైవేట్ కాలేజీలు ఇచ్చే ఫీజు రాయితీ. ఇక్కడ మాటలు వేరు, రసీదు వేరు. "మావాడివే, చూసుకుంటాం" అన్న మాట రెండో ఏడాదికి ఎవరికీ గుర్తుండదు. రాయితీ ట్యూషన్ ఫీజుకేనా, హాస్టల్, మెస్‌కు కూడానా? ప్రతి ఏడాదీ రెన్యూవల్ చేస్తారా, నాలుగేళ్లకూ ఒకేసారా? మోకాలు దెబ్బతిని సీజన్ ఆడకపోతే రాయితీ ఉంటుందా, పోతుందా? ఇవి కాగితం మీద రాయించుకోండి. అమెరికాలో కూడా చాలాకాలం స్కాలర్‌షిప్ ఏడాదికోసారే ఇచ్చేవాళ్లు. 2012 నుంచే ఎక్కువ ఏళ్లకు ఇచ్చే వీలొచ్చింది. చేరడానికి ముందు ఆ కాలేజీలోనే ఫైనలియర్ ఆడుతున్న ప్లేయర్‌ను క్యాంటీన్‌కు తీసుకెళ్లి ఒక టీ తాగించి అడిగితే బ్రోచర్‌లో లేనివన్నీ చెప్పేస్తారు.

అమెరికాకే వెళ్తామంటే?

పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్ కథ తెలుసుకోవాలి. ఏడడుగులకు పైగా ఎత్తు. 2010లో 14 ఏళ్ల వయసులో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. 2015లో 52వ పిక్‌గా డల్లాస్ మావెరిక్స్ తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు అతనే. అయితే అతను కాలేజీ ఆడలేదు. చదువు విషయంలో ఎన్‌సీఏఏ అర్హత అందలేదు. ఇంగ్లీష్ కూడా అక్కడికి వెళ్లాక నేర్చుకున్నదే. కాలేజీలో ఆడాల్సిన సీజన్లు చేజారాయి, ఎన్‌బీఏలో ఒక్క రెగ్యులర్ మ్యాచ్ కూడా దక్కలేదు.

దీనికి ఇంకోవైపు బెంగళూరు అమ్మాయి సంజనా రమేష్. ఎన్‌బీఏ అకాడమీ మహిళల ప్రోగ్రామ్ ద్వారా 2019లో నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీలో డివిజన్-1 స్కాలర్‌షిప్ దక్కించుకుంది.

డివిజన్-1కి 16 కోర్ సబ్జెక్టులు, 2.3 జీపీఏ అవసరం. ఆ లెక్క తొమ్మిదో తరగతి నుంచే మొదలవుతుంది. అందుకే తొమ్మిదో క్లాస్ మార్కుల షీట్లు కూడా దాచిపెట్టుకోండి. ఇంటర్ తర్వాత లాంగ్ టర్మ్ అంటూ ఏళ్లు ఖాళీగా గడిపితే ఆడే సీజన్లు తగ్గిపోయే ప్రమాదం ఉంది. డివిజన్-3, ఐవీ లీగ్ కాలేజీలు ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఏజెంట్ ఎవరైనా "హార్వర్డ్‌లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్" అన్నాడంటే ఫోన్ పెట్టేయండి. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకు అక్కడి స్పాన్సర్‌షిప్ డబ్బు తీసుకోవడంలో వీసా చిక్కులు కూడా ఉన్నాయి.

మన దేశంలో ఈ ఆటకు ఐపీఎల్ లాంటి పెద్ద లీగ్ నిలదొక్కుకోలేదు. చివరికి చాలామందికి దక్కేది రైల్వేలోనో, పోలీస్, ఆదాయపు పన్ను శాఖల్లోనో ఉద్యోగం. అక్కడ అడిగేది ఫారాలే. దేశానికి ఆడితే ఫారం-1, రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫారం-2, యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం-3, స్కూల్ నేషనల్స్ అయితే ఫారం-4. ఫారం-3 మీద సంతకం పెట్టేది యూనివర్సిటీ క్రీడా విభాగం. యూనివర్సిటీ పోటీలకు రెగ్యులర్ విద్యార్థి అయి ఉండాలి, డిస్టెన్స్‌లో చదివితే కుదరదు. టోర్నీ అయిన వారంలోనే ఆ సంతకం, స్టాంపు వేయించుకోవడం మంచిది. ఫిజికల్ డైరెక్టర్ మారిపోయాక పాత రికార్డు కోసం ఆఫీసు చుట్టూ తిరగడం ఆడటం కంటే కష్టం.