పరదేశపు మట్టిలో ముస్లిం సిపాయిల సమాధులు

మరణించిన ముస్లింపట్ల బ్రతికివున్నవారు నెరవేర్చవలసిన విధులు నాలుగు: స్నానం చేయించడం, కఫన్ తొడగడం, జనాజా నమాజు చేయడం, ఖననం చేయడం. ఇస్లామీయ ధర్మశాస్త్రం వీటిని ఫర్జె కిఫాయాగా నిర్ణయించింది. అనగా సమాజంలో కొందరు నెరవేర్చితే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులవుతారు. స్వగ్రామంలో ఇది సునాయాసంగా జరిగిపోతుంది. అయినవారెవరూ లేని దూరదేశంలో కన్నుమూసిన సిపాయి విషయంలో ఈ బాధ్యత ఎవరిది? మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఈ ప్రశ్న ఇంగ్లండులో ఎదురైంది.

1914 శరదృతువు నుండి లక్షా ముప్పై వేలకు పైగా భారతీయ సైనికులు ఫ్రాన్సు, బెల్జియం రణరంగాలకు తరలింపబడ్డారు. గాయపడినవారిలో అనేకులను దక్షిణ ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణానికి చేర్చారు. అక్కడి రాజభవనమే ఆసుపత్రిగా మారింది. మతాచారాలను అనుసరించి వంటశాలలు, మంచినీటి కుళాయిలు వేర్వేరుగా ఏర్పాటయ్యాయి. మరణించిన హిందువులకు, సిక్కులకు పట్టణం వెలుపలి కొండలపై దహనసంస్కారం జరిగింది. ఆ స్థలంలో 1921లో పాలరాతి ఛత్రి వెలసింది. ముస్లింల భౌతికకాయాలను మాత్రం వోకింగ్ పట్టణానికి తీసుకొని వెళ్లేవారు.

వోకింగ్‌ను ఎన్నుకోవడానికి కారణం అక్కడి మసీదు. భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం విరాళంతో డాక్టర్ లైట్నర్ 1889లో దానిని నిర్మించాడు. దాని ప్రక్కనున్న భవనం హైదరాబాదు దివాన్ సర్ సాలార్ జంగ్ పేర వెలసినదే. యుద్ధకాలంలో ఆ మసీదు ఇమాముగా ఉన్న మౌల్వీ సద్రుద్దీన్, ముస్లిం సిపాయిలకు గౌరవప్రదమైన ఖబరస్తాన్ కావాలని ప్రభుత్వాన్ని గట్టిగా కోరాడు. ఫలితంగా మసీదుకు సమీపంలోని హార్సెల్ మైదానంలో ఇటుక ప్రహరీతో, గుమ్మటం గల ద్వారంతో ఒక ఖబరస్తాన్ రూపొంది 1917 నాటికి పూర్తయింది.

ఈ ఏర్పాటు వెనుక రాజకీయం లేకపోలేదు. 1914 నవంబరులో ఉస్మానియా ఖలీఫా మిత్రరాజ్యాలపై జిహాదు ప్రకటించాడు. బ్రిటిషువారు ముస్లిం సిపాయిలకు మతానుసారం అంత్యక్రియలు జరపడం లేదని జర్మనీ ప్రచారం సాగించింది. ఆ ప్రచారాన్ని ఖండించవలసిన అవసరం బ్రిటిషు ప్రభుత్వానికి ఏర్పడింది. జర్మనీ కూడా ఇటువంటి పనే చేసింది. బెర్లిన్‌కు దక్షిణాన వున్స్‌డార్ఫ్‌లోని అర్ధచంద్ర శిబిరంలో ముస్లిం యుద్ధఖైదీల మనస్సు మార్చడానికి 1915లో కొయ్యతో మసీదు కట్టించింది. ఒకరు ఖబరస్తాన్, మరొకరు మసీదు! ఇరుపక్షాల దృష్టీ సిపాయి విధేయతపైనే నిలిచింది.

అయితే పాలకుల ఉద్దేశం ఒకటి, జనాజా నమాజులో నిలబడినవారి ఉద్దేశం మరొకటి. ఖిబ్లావైపు ముఖం త్రిప్పి సహోదరుని మట్టికి అప్పగించిన చేతులకు ఆ రాజకీయాలతో పని లేదు. కర్మల విలువ సంకల్పాన్నిబట్టి నిర్ణయమవుతుంది. ఖలీఫా ఒకవైపు, తాను ఉప్పు తిన్న ప్రభుత్వం మరొకవైపు నిలిచినప్పుడు ఆ సిపాయి అంతరంగం ఎంత నలిగిందో దేవునికే ఎరుక. తీర్పు చెప్పడం ఖననం చేసేవారి పని కాదు.

ప్రభుత్వాల అవసరం తీరిన తరువాత ఏమైంది? వున్స్‌డార్ఫ్ మసీదు యుద్ధానంతరం శిథిలమై కనుమరుగైంది. ఆ శిబిరంలో వ్యాధులతో మరణించిన భారతీయుల సమాధులున్న జెరెన్స్‌డార్ఫ్ స్థలం రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సోవియట్ సైనిక ప్రాంతంలో చిక్కుకొని పాడుపడింది. 1994లో ఆ సేనలు వైదొలగిన తరువాతనే దానికి పునరుద్ధరణ జరిగింది. వోకింగ్ ఖబరస్తాన్‌లో రెండవ యుద్ధకాలపు సైనికులు కొందరు కూడా చేరారు. కానీ అది అల్లరిమూకల విధ్వంసానికి గురికావడంతో 1960 దశకం చివర సమాధులను బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి తరలించారు. ఖాళీ ప్రహరీ దశాబ్దాలపాటు శిథిలావస్థలో మిగిలింది. 2015లో దానిని శాంతివనంగా పునరుద్ధరించి, దివంగతుల స్మృత్యర్థం 27 హిమాలయ భూర్జ వృక్షాలు నాటారు.

బ్రూక్‌వుడ్ పేరు హైదరాబాదుకు పరాయిది కాదు. నిజాం కొలువులో పనిచేసి, 1927లో ప్రారంభమైన 'ఇస్లామిక్ కల్చర్' త్రైమాసికకు సంపాదకత్వం వహించిన ఖుర్ఆన్ అనువాదకుడు మార్మడ్యూక్ పిక్తాల్ 1936లో మరణించగా ఆ సైనిక శ్మశానానికి ఆనుకొనివున్న సాధారణ శ్మశానంలోనే ఖననమయ్యాడు. పండితుని పేరును గ్రంథాలు నిలుపుతాయి. సిపాయి పేరును నిలిపేది సమాధిఫలకం మాత్రమే. దానిని చదివేవారు లేనప్పుడు అదీ మూగబోతుంది.

ఖననంతో ఫర్జె కిఫాయా ముగుస్తుందని ధర్మశాస్త్రం చెబుతుంది. కానీ సమాధుల గౌరవాన్ని కాపాడడం, గతించినవారి క్షమాభిక్షకై దువా చేయడం ముందుతరాలకు సంక్రమించే పనులు. వోకింగ్‌లో తొలి బాధ్యతను పరదేశంలోని కొద్దిమంది ముస్లింలు అందరి పక్షాన నెరవేర్చారు. ఆ సిపాయిలు బయలుదేరిన ఉపఖండంలో వారి కథను చెప్పుకొనే బాధ్యతను కూడా కొందరైనా స్వీకరించకపోతే, ఆ లోపం అందరిదీ అవుతుంది.