పీఠికలో లేని దేవతానామం



మన రాజ్యాంగ పీఠికలో భగవన్నామం ఎందుకు లేదని చిలకలపూడి పాండురంగని దర్శనానికి వచ్చే ఆస్తికులు అప్పుడప్పుడు అడుగుతుంటారు. నాస్తికులెవరో దానిని తొలగించి ఉంటారని వారి అనుమానం. చరిత్ర అలా లేదు.

కర్మకాండ తెలిసినవారికి పీఠిక ఒక సంకల్పంవలె గోచరిస్తుంది. సంకల్పంలో కాలం, కర్త, ఫలం, ఏ దేవత ప్రీతికొరకో ఆ నామం చెప్పబడాలి. పీఠికలో భారత ప్రజలే కర్తలు. న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఫలాలు. కాలం 1949 నవంబరు 26; హిందీ పాఠంలోనైతే విక్రమ సంవత్ 2006 మార్గశీర్ష శుక్ల సప్తమి అని తిథి సైతం ఉన్నది. మన పంచాంగరీత్యా అది విరోధి నామ సంవత్సరం. ముసాయిదాపై ఏడు వేలకు పైగా సవరణలు వచ్చాయి గనుక పేరు సార్థకమే! లోపించినది పరమేశ్వర ప్రీత్యర్థమనే భాగమొక్కటే.

1946 డిసెంబరు 9న ప్రారంభమైన రాజ్యాంగ సభ, మరుసటి ఏడాది ఆగస్టు 29న ముసాయిదా సంఘాన్ని నియమించింది. డాక్టర్ అంబేద్కర్ దానికి అధ్యక్షులు. సభ్యులలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ నెల్లూరు సీమలోని పుదూరులో జన్మించిన అర్చకపుత్రుడు. బి.ఎల్. మిట్టర్ స్థానంలో చేరిన న్యాపతి మాధవరావు మన బందరులో పుట్టి, ఇక్కడి నోబుల్ కళాశాలలో చదివి, మైసూరు దివాను పదవిని అలంకరించినవారు. బందరు నివాసి పట్టాభి సీతారామయ్య కూడా రాజ్యాంగ సభ సభ్యులే. భగవంతుని ఎరుగనివారు కూర్చుని వ్రాసిన గ్రంథం కాదది.

అధికరణాలన్నీ ముగిసిన పిదప పీఠిక చర్చకు వచ్చింది. 1949 అక్టోబరు 17న, బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన, హెచ్.వి. కామత్ లేచి పీఠికను ఈశ్వరుని పేరిట ఆరంభించాలని సవరణ ప్రతిపాదించారు. కర్మలన్నిటినీ భగవదర్పణం చేయమన్న గీతాభావమే ఆయనకు ఆధారం. వెంటనే కామరూప దేశీయుడైన రోహిణీకుమార్ చౌధురి, తాము కామాఖ్యాదేవి ఉపాసకులమనీ, దేవుని పేరిట అనడానికి బదులు దేవి పేరిట అనాలనీ కోరారు. సభ నవ్వి ఉండవచ్చును గాని, అది హాస్యంగా కొట్టివేయదగిన మాట కాదు. తిరువాన్కూరుకు చెందిన పట్టం థాను పిళ్లై స్వయంగా ఆస్తికులు; అయినా విశ్వాస విషయంలో నిర్బంధం కూడదన్నారు. విశ్వాసానికీ ఆరాధనకూ స్వేచ్ఛ నిస్తున్న పీఠికతో ఈ సవరణ పొసగదని హృదయనాథ్ కుంజ్రూ వాదించారు. భగవంతుని ఓట్ల లెక్కకు గురిచేయవద్దని పూర్ణిమా బెనర్జీ కామత్‌ను అభ్యర్థించారు. ఆయన వినలేదు. అనుకూలం 41, ప్రతికూలం 68. సవరణ వీగిపోయింది.

కామత్ కోరిక సాధువైనదే. దానిని ఓటుదాకా లాగడం మాత్రం నాకు రుచించదు. ధర్మానికి వేదమే ప్రమాణమన్న మీమాంసకులు ఈశ్వరుని వేదకర్తగా అంగీకరించలేదు. అంతమాత్రాన వారిని ధర్మబాహ్యులని మన పెద్దలు అనలేదు. అదీగాక, సంకల్పంలో కర్త ఒక్కడైతే తన ఇష్టదేవతను చెప్పుకొంటాడు. 1951 జనగణన ప్రకారం దేశంలో 36 కోట్ల మంది ఉన్నారు. ఇందరు కలిసి ఒకే సంకల్పం చెప్పేటప్పుడు ఏ నామం పలకాలి? అన్యమతస్థుల మాట అటుంచుదాం. మనలోనే స్మార్తులు పరమేశ్వర ప్రీత్యర్థమంటారు, శ్రీవైష్ణవులు భగవత్కైంకర్య రూపమంటారు, మాధ్వులు విష్ణుప్రీత్యర్థమంటారు. ఒకరి వాక్యాన్ని మరొకరి నోట పలికించే పురోహితుణ్ణి నేనెక్కడా చూడలేదు.

రాజ్యాంగ మూలప్రతిలో నందలాల్ బోస్ బృందం చిత్రించిన సీతారామలక్ష్మణులు, గీతోపదేశం ఉన్నాయి గదా అని కొందరు సమాధానపడతారు. చిత్రం అలంకారమే గాని సంకల్పవాక్యం కాజాలదు.

వాక్యం వేరొకచోట ఉన్నది. మూడవ షెడ్యూలులో మంత్రులూ న్యాయమూర్తులూ చేయవలసిన ప్రమాణాలున్నాయి. అక్కడ కర్త ఒక్కడే. కనుక ఎన్నిక కూడా అతనిదే. దైవసాక్షిగా అని పలుకవచ్చును, ఆత్మసాక్షిగా అనీ పలుకవచ్చును. రాష్ట్రపతి ప్రమాణానికి 60వ అధికరణంలోనూ ఇదే ఏర్పాటు. ఆ ప్రమాణంలో ఈశ్వరనామం చేరాలని సభలో పట్టుబట్టినవారిలో ఈ కామత్ కూడా ఉన్నారు.